మిన్నెసోటా చలి వదిలేసి డల్లాస్ వెళ్లిపోదామా? అక్కడ ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి

కరివేపాకు_కుండీ, మిన్నెసోటా
ఫిబ్రవరి 9

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మాది తెనాలి. మినియాపోలిస్ పక్కన మేపుల్ గ్రోవ్‌లో తొమ్మిదేళ్ల నుంచి ఉంటున్నాం. మా ఆయన ఆఫీసువాళ్లు, కావాలంటే డల్లాస్ పక్కన ప్లేనో బ్రాంచికి మారొచ్చు, సెప్టెంబరు లోపల ఏ సంగతీ చెప్పండి అన్నారు. జీతం అదే. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి మూడు. నేను హెచ్4 ఈఏడీ (మా ఆయన హెచ్1బీ ఉద్యోగ వీసా వల్ల నాకొచ్చిన పని అనుమతి) మీద ఇంటి నుంచే టెస్టింగ్ పని చేస్తాను కాబట్టి నా ఉద్యోగం ఎక్కడున్నా నడుస్తుంది.

ఇక్కడి చలి ఎలాంటిదో తెలియనివాళ్లకి ఒక్క ముక్క: 2019 జనవరి 30న పొద్దున్నే ఇక్కడ మైనస్ 28 డిగ్రీలు, ఫారెన్‌హీట్ లెక్కలో. గాలి కూడా కలిపితే మైనస్ 50 దాటింది. స్కూళ్లు మూసేశారు సరే, ఆ రోజు పోస్టు బట్వాడా కూడా ఆపేశారు. కానీ నా బాధ అలాంటి రోజుల గురించి కాదు. అవి ఎప్పుడో ఒకసారి వస్తాయి, తెనాలి ఫోన్ చేసినప్పుడు చెప్పుకోవడానికి బాగుంటాయి కూడా. నాకు మోయలేనివి మామూలు రోజులే.

మొన్న బాబుని డేకేర్‌కి తయారు చేస్తున్నా. రెండు జతల సాక్సులు, స్నో ప్యాంటు, బూట్లు, జాకెట్టు, టోపీ, చేతులకి తొడుగులు. బొటనవేలు దాని సందులోకి వెళ్లడానికే రెండు నిమిషాలు. అన్నీ అయ్యాక "అమ్మా, సుస్సు". మళ్లీ మొదటికి. కారు దాకా తీసుకెళ్తే, లావు జాకెట్టుతో కార్ సీట్లో బెల్టు పెట్టకూడదు కదా, మళ్లీ అది విప్పి, బెల్టు పెట్టి, జాకెట్టు పైన కప్పాలి. వాడు ఏడుపు, వాడితో పాటు నేనూ. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా రోజుకి రెండుసార్లు ఇదే తంతు.

డిసెంబరులో నాలుగున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు. ఐదింటి మీటింగు అయ్యాక తల ఎత్తి కిటికీ వైపు చూస్తే బయట ఏమీ ఉండదు, అద్దంలో నా మొహమే. డాక్టరమ్మ విటమిన్ డి రాసిచ్చి, పొద్దున పూట ముందు పెట్టుకుని కూర్చోమని ఒక దీపం కొనుక్కోమంది. కొన్నాను. దాని కిందే నా కరివేపాకు కుండీ కూడా పెట్టాను. వెలుగు ఇద్దరికీ చెరిసగం. అక్టోబరులో లోపలికి తెచ్చినప్పుడు గుబురుగా ఉన్న మొక్క, నిన్న లెక్కపెడితే పదకొండు రెబ్బలు. పోపులోకి ఒకటి తుంచుదామంటే చెయ్యి రాదు.

మా అత్తయ్యగారు మేలో వచ్చి అక్టోబరులో వెళ్లిపోతారు. సంక్రాంతికి ఇక్కడ ఉండమంటే "నన్ను ఫ్రిజ్‌లో పెడతావేమే" అంటారు.

ఇక డల్లాస్. డిసెంబరు సెలవుల్లో ఫ్రిస్కోలో స్నేహితుల ఇంట్లో వారం రోజులు ఉన్నాం. పిల్లలు పొట్టి చేతుల చొక్కాలతో వీధిలో ఆడారు. కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్తే మన పక్క వీధిలో గుడికి వెళ్లినట్టుంది. కిరాణా కొట్టులో గోంగూర కట్టలు కట్టలుగా పోసి ఉంది. నా వెనకాల ఎవరో "ఒసేయ్, చిక్కుడుకాయలు లేతగా ఉన్నాయి చూడు" అంటుంటే తిరిగి చూశాను, నన్నేమో అనుకుని. మా ఆయనకి అక్కడే మనసు పడిపోయింది. ఇంటికి రాగానే ఎక్సెల్ షీటు తీశారు. ఇక్కడ రాష్ట్రానికి కట్టే ఆదాయపు పన్ను మా ఇద్దరిదీ కలిపి ఏడాదికి 11,500 డాలర్లు. టెక్సస్‌లో ఆ పన్నే లేదు. ఆయన దృష్టిలో చర్చ అక్కడితో అయిపోయింది.

నాకు అవ్వలేదు. ఈ ఇల్లు 2021లో 2.9 శాతం వడ్డీకి కొన్నాం, ఇది వదులుకుంటే ఆ వడ్డీ మళ్లీ ఈ జన్మలో దొరకదు. పాపకి ఐస్ స్కేటింగ్ ప్రాణం. "అక్కడ చెరువులు గడ్డకట్టవట కదమ్మా" అని దిగులుగా అడిగింది. బాబు పుట్టినప్పుడు మేం ఆసుపత్రిలో ఉంటే, పక్కింటి పెద్దాయన అడక్కుండానే మా వాకిట్లో మంచంతా తీసిపెట్టాడు. ఇప్పటికీ మంచు పడ్డ ప్రతిసారీ ఆయన మెషీను మా హద్దు దగ్గర ఆగదు.

చలి భరించలేక వెళ్లి ఎండకి బలైపోతామా? వెళ్లినవాళ్లు, వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు చెప్పండి.


నల్లరేగడి, ఫ్రిస్కో
ఫిబ్రవరి 9

చెల్లెమ్మా, మీరు డిసెంబరులో పెళ్లిచూపులు చూసుకుని వెళ్లారు. కాపురం చేయాల్సింది ఆగస్టుతో.

మాది నరసరావుపేట. 2018లో డెట్రాయిట్ పక్కన నోవై నుంచి ఇక్కడికి వచ్చాం, అచ్చం మీ కారణాలతోనే. ఎండ గురించి ముందు. 2011లో ఇక్కడి ఎయిర్‌పోర్టు లెక్క ప్రకారం 100 డిగ్రీలు తాకిన రోజులు 71, అందులో 40 రోజులు వరసగా. అది రికార్డు ఏడాది అనుకోండి, అన్నీ అలా ఉండవు. 100 అంటే మన లెక్కలో 38. రెంటచింతల ఎండలు చూసినవాడికి ఇదొక లెక్కా అని నేనూ మీసం తిప్పాను. తేడా ఏమిటంటే అక్కడ ఊరంతా ఎండతో పాటు సర్దుకునేది. పదికల్లా పొలం నుంచి వచ్చేయడం, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లి మంచాలు వేసుకోవడం. ఇక్కడ సరిగ్గా మూడున్నరకి స్కూలు ముందు కార్ల వరసలో ఉండాలి. సీటు బెల్టు ఇనుప ముక్క తగిలి పిల్లాడి తొడ ఎర్రగా కందిపోతుంది.

ఎవరూ ముందు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది, మట్టి. డల్లాస్ చుట్టుపక్కల నుంచి శాన్ ఆంటోనియో దాకా ఒక పట్టీలాగా నల్లమట్టి పరుచుకుని ఉంటుంది. బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. ఒకప్పుడు పత్తి పండించిన నేల. ఇల్లు కొన్న కొత్తలో పెరట్లో పార వేసి, చేతిలోకి తీసుకుని చూసి నవ్వుకున్నా. మా ఊరి నల్లరేగడే! పత్తి చేలో ఎండాకాలం నెర్రెలు ఎలా వస్తాయో అలాగే వస్తాయి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. చేలో అయితే ఫరవాలేదు, దాని మీద ఇల్లుంటేనే తంటా. ఇక్కడ బేస్‌మెంట్లు దాదాపు ఉండవు. నేల మీద కాంక్రీటు స్లాబు పోసి దాని మీదే ఇల్లు కడతారు. స్లాబు కింద ఒక పక్క తడి, ఇంకో పక్క పొడి అయిందా, ఇల్లు మెలి తిరుగుతుంది.

2022 ఎండలకి మా పడగ్గది తలుపు పడటం మానేసింది. గొళ్లెం, కొక్కెం కలవవు. తలుపు ఉబ్బిందనుకుని అంచు చిత్రిక పట్టించాను. నెల తిరక్కుండా కిటికీ మూల నుంచి బయటి గోడ మీద పగులు, ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా దిగింది. వంగి చూస్తే పునాదికీ మట్టికీ మధ్య సందు. చూపుడు వేలు పెడితే రెండు కణుపుల దాకా పోయింది. ఫౌండేషన్ మనిషి వచ్చి చూసి, ఇంకా ముదరలేదు, నీళ్లు పెట్టండి అన్నాడు. అప్పటి నుంచి సోకర్ హోస్ అని, ఒళ్లంతా చెమట పట్టినట్టు నీరు ఊరే రబ్బరు గొట్టం, పునాదికి అడుగున్నర దూరంలో ఇంటి చుట్టూ వేశాను. ఎండాకాలం రోజు విడిచి రోజు అరగంట. మా నాన్న వీడియో కాల్‌లో చూసి "ఏరా, ఇంటికి నీళ్లు పెడుతున్నావా? చేనుకి పెట్టమంటే ఊరొదిలి పోయినవాడివి" అన్నాడు.

వడగళ్లు. రెండేళ్ల కింద ఏప్రిల్‌లో నిమ్మకాయంత పడ్డాయి. ఇంటి కప్పు మార్చడానికి 19 వేల డాలర్లు. బీమా ఉంది కదా అంటారు. ఇక్కడ గాలికీ వడగళ్లకీ డిడక్టిబుల్ విడిగా, ఇంటి బీమా విలువలో శాతంగా ఉంటుంది. మాది 5 లక్షల 50 వేలకి 2 శాతం, అంటే 11 వేలు మా జేబులోంచే. ఇల్లు కొనేటప్పుడు ఆ 2 శాతాన్ని ఒక శాతం చేయించుకోవచ్చేమో అడగండి. నేను అడగలేదు.

2021 ఫిబ్రవరి గుర్తుందా? ఇక్కడ మైనస్ 2 ఫారెన్‌హీట్ దాకా పడిపోయింది. మీకది మార్నింగ్ వాక్ వాతావరణం. మాకు రాష్ట్రమంతా 45 లక్షల ఇళ్లకి కరెంటు పోయింది. గ్యాస్ బావులు, గొట్టాలు, ప్లాంట్లు గడ్డకట్టాయి. టెక్సస్ గ్రిడ్డేమో పక్క రాష్ట్రాలతో పెద్దగా కలిసి ఉండదు కాబట్టి బయటి నుంచి తెచ్చుకునే దారీ తక్కువే. పైగా ఇక్కడ నీళ్ల పైపులు అటక మీద నుంచి వేస్తారు, చలికి తగ్గ కప్పుదల లేకుండా. మా అటక మీద పైపు పగిలి హాల్లో సీలింగు ముక్కలు సోఫా మీద పడ్డాయి. మిషిగన్‌లో పదేళ్లు ఉన్నాను, అంత చలి ఎప్పుడూ వేయలేదు.

పన్నులు. మీ ఆయన షీటులో ఇంకో వరస వేయమనండి. మాకు ఇంటి పన్ను 9 వేలు చిల్లర, బీమా 4,800. ప్రాస్పర్, సెలైనా వైపు కొత్త వెంచర్లలో మడ్, పిడ్ అని రోడ్లకీ డ్రైనేజీకీ చేసిన అప్పు మీ మీదే వేస్తారు, కొన్నిచోట్ల మొత్తం 2.5 శాతం దాటుతుంది. 6 లక్షల ఇంటికి ఎంతో మీరే వేసుకోండి. ఆదాయపు పన్ను లేదు నిజమే, గుమ్మంలో ఇచ్చింది పెరటి గుమ్మంలో పట్టుకుపోతారు.

ఇంత చెప్పాక నోవై వెనక్కి వెళ్తావా అంటే వెళ్లను. మా అమ్మ ఇప్పుడు ఏ నెలలో అయినా వస్తోంది.


రామగుండం_పిలగాడు, అర్వింగ్
ఫిబ్రవరి 10

అక్కా, నేను రామగుండంల పుట్టినోన్ని, ఎండ నాకేం కొత్త గాదు. గిక్కడ జూన్ నుంచి సెప్టెంబర్ దాక పొద్దుగాల ఏడు లోపట, రాత్రి ఎనిమిది దాటినంక, గీ రెండు టైములల్లనే బతుకాలె. మిగతా అంతా ఏసీ. మా కరెంటు బిల్లు ఆగస్టుల 340 డాలర్లు వచ్చింది. మార్చిల 90. ప్లాన్ ఎవరిది తీసుకోవాల్నో మనమే ఎంచుకోవాలె, రేటు చూసి కాదు, ఎన్ని యూనిట్లకు ఆ రేటో చూసి తీసుకో. మొదటి ఏడాది నేను గక్కడనే మునిగిన.

ఇంకో ముచ్చట. కరివేపాకు కుండీ కార్ల పెట్టుకొని రాకు. అది నిమ్మ జాతి చెట్టు, నిమ్మ తోటలకు తెగులు అంటిస్తదని బయటి నుంచి తేనియ్యరు. ఈడ మస్తు దొరుకుతయ్. మా ఇంటెనక ఉన్నది నా ఎత్తు పెరిగింది. కాకపోతే జనవరిల దుప్పటి కప్పాలె.


రోచెస్టర్_నర్సు, మిన్నెసోటా
ఫిబ్రవరి 10

వెనక్కి వచ్చినవాళ్లలో మేం ఒకళ్లం. డల్లాస్ పక్కన అలెన్‌లో ఆరేళ్లు ఉండి 2022లో మళ్లీ మిన్నెసోటా వచ్చాం.

మా పెద్దవాడికి ఆస్తమా. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ సీడర్ పుప్పొడి వస్తుంది, జ్వరం కాకపోయినా సీడర్ ఫీవర్ అనే అంటారు. ఆస్టిన్ వైపు ఇంకా ఎక్కువ. చల్లగా హాయిగా ఉండే ఆ మూడు నెలలూ వాడు నెబ్యులైజర్‌తో ఇంట్లో. ఎండాకాలం నాలుగు నెలలు అందరితో పాటు ఇంట్లో. ఇక బయట ఆడింది ఎప్పుడు?

ఇక్కడ ఐదు నెలలు లోపల ఉంటామని అంటారు. నేను ఒప్పుకోను. చలికి ఒకదాని మీద ఒకటి తొడుక్కుని బయటికి వెళ్లొచ్చు. 105 డిగ్రీలకి ఏం విప్పుతాం? జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు, చెరువు గట్టున పిల్లలు, నాకు అదే స్వర్గం. మా మాగాయ ముక్కలు జులైలో ఇక్కడ కూడా నాలుగు రోజుల్లో ఎండిపోతున్నాయి.

మీకు చలి కంటే చీకటి ఎక్కువ బాధ పెడుతోందని మీ పోస్టు చదివితే అనిపించింది. ఆ దీపం ఇద్దరూ పంచుకోకండి, మొక్కకి వేరేది కొనండి. పొద్దున లేవగానే అరగంట, చదువుతూనో టీ తాగుతూనో, దగ్గరగా. సాయంత్రం పెట్టుకుంటే నిద్ర చెడుతుంది. రెండు వారాలకీ తేడా లేకపోతే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఏడుపు వస్తోందని నోరు విప్పి చెప్పండి. ఊరు మారే నిర్ణయం ఫిబ్రవరిలో తీసుకోకండి, ఇక్కడ ఫిబ్రవరిలో ఎవరిని అడిగినా వెళ్లిపోతామనే అంటారు.


కాగితాల_పులి, న్యూజెర్సీ
ఫిబ్రవరి 11

అందరూ ఎండ, వాన మాట్లాడుతున్నారు, వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. మినియాపోలిస్ నుంచి ప్లేనో అంటే వేరే మెట్రో ప్రాంతం. కంపెనీ అదే అయినా, మారకముందే హెచ్1బీకి సవరణ పిటిషన్ వేయాలి. మేనేజరు "ముందు వెళ్లిపో, తరువాత చూద్దాం" అంటే వినొద్దు.

గ్రీన్‌కార్డుకి చేసిన పెర్మ్ (కంపెనీ ముందుగా తీసుకునే లేబర్ శాఖ అనుమతి) ఫలానా చోట ఉద్యోగం అని చేసింది. ఊరు మారితే మామూలుగా మళ్లీ పెర్మ్, దాని తరువాత కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్ ఐ-140 కూడా మళ్లీ. పాత ఐ-140 అప్రూవ్ అయి ఉంటే ప్రయారిటీ డేట్ పోదు, లైన్లో మీ చోటు మీదే. పెర్మ్ ఖర్చు చట్ట ప్రకారం కంపెనీయే పెట్టుకోవాలి, కాబట్టి "మళ్లీ మొదలుపెడతాం" అని ఈమెయిల్‌లో రాయించుకున్నాకే ఒప్పుకోండి. మీ ఈఏడీ కూడా ఆయన ఐ-140 మీదే నిలబడి ఉంది, అది మర్చిపోవద్దు. లాయర్‌ని ఒకసారి మీరే విడిగా అడగండి, కంపెనీ లాయరు కంపెనీకి లాయరు.


కరివేపాకు_కుండీ, మిన్నెసోటా
ఫిబ్రవరి 12

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ దండాలు.

నల్లరేగడి అన్నయ్యా, మీ పోస్టు మా ఆయనకి గట్టిగా చదివి వినిపించాను. తలుపు చిత్రిక దగ్గర నవ్వారు, 11 వేల దగ్గర నవ్వు ఆగింది. వడగళ్లు మాకూ పడతాయి లెండి, మా వీధిలో రెండేళ్లలో మూడు కప్పులు మారాయి. ఇంటికి నీళ్లు పెట్టడం మాత్రం వినలేదు.

నర్సుగారూ, మీరు ఏడుపు గురించి రాసిన వాక్యం నేను వినిపించలేదు, ఆయన చేతికి ఫోన్ ఇచ్చేశాను. చదివి చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాటి నుంచి డేకేర్ దింపుడు ఆయనది. మొక్కకి వేరే దీపం వచ్చింది. కొత్త ఊరి సంగతి దేవుడెరుగు, ఇది మాత్రం ఎప్పుడో జరగాల్సింది.

ఐ-140 అప్రూవ్ అయి నాలుగేళ్లయింది. లాయర్‌తో శుక్రవారం మాట్లాడతాం. ఆగస్టులో డల్లాస్ వెళ్లొచ్చి రాస్తాను, అప్పటిదాకా ఏదీ తేల్చం.


పైన్_చెట్టు, క్యారీ
ఫిబ్రవరి 13

డల్లాస్ ఒక్కటే ఎందుకమ్మా? మధ్యలో ఉత్తర కరొలినా ఉంది. మంచు ఏడాదికి ఒకటి రెండుసార్లు పలకరించి పోతుంది, ఎండ ఉంటుంది కానీ చంపదు. వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. రాష్ట్ర పన్ను ఉంది, అబద్ధం ఎందుకు. మార్చి, ఏప్రిల్‌లో పైన్ పుప్పొడి పసుపు చల్లినట్టు కార్ల మీద పడుతుంది, అంతే. మా ఆవిడ దాన్ని చూసి ఎవరింట్లోనో పేరంటం అంటుంది.


కరివేపాకు_కుండీ, మిన్నెసోటా
ఆగస్టు 19

మాట ఇచ్చాను కదా, వచ్చి రాస్తున్నాను. ఆగస్టు 8 నుంచి 16 దాకా ఉన్నాం. ఈసారి స్నేహితుల ఇంట్లో కాదు, ప్లేనోలో ఇల్లు అద్దెకి తీసుకుని, మా ఆయన అక్కడి ఆఫీసుకి వెళ్లారు, నేను ఇంట్లో కూర్చుని పని చేశాను. అత్తయ్యగారు కూడా వచ్చారు.

మొదటి రోజు 104. సాయంత్రం ఐదింటికి పార్కుకి తీసుకెళ్తే ఒక్క పురుగు లేదు. బాబు జారుడుబల్ల ఎక్కి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి అరిచాడు. తొడ వెనక చిన్న బొబ్బ. మా ఆయన మొహం చూడాలి. చల్లటి నీళ్ల గుడ్డ వేసుకుంటూ, ఇంక చాలు, టికెట్లు ముందుకి మారుద్దామా అన్నారు. ఎక్సెల్ షీటు మనిషి! మొదటి నుంచీ వెళ్దాం వెళ్దాం అన్నది ఆయనే.

అదే పార్కుకి రాత్రి ఎనిమిదిన్నరకి మళ్లీ వెళ్లాం, రామగుండం తమ్ముడి మాట గుర్తొచ్చి. తిరణాలలా ఉంది. క్రికెట్టు, పిల్లల సైకిళ్లు, బెంచీల మీద చీరలు, పంచెలు. అత్తయ్యగారు పక్కన కూర్చున్నావిడని "మీదే ఊరమ్మా" అని అడిగారు. చీరాల అట. ఇంకేముంది. మర్నాడు పొద్దున ఆరింటికి ఇద్దరూ నడకకి వెళ్లారు, మూడో రోజుకి ఐదుగురయ్యారు. వెళ్లేరోజున ఒకావిడ గుమ్మడి వడియాలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. డాబా మీద ఒక్క ఎండకే గలగలలాడాయట. మేపుల్ గ్రోవ్‌కి అత్తయ్యగారు నాలుగుసార్లు వచ్చారు, ఆవిడకి అక్కడ తెలిసినవాళ్లు మేమూ, పోస్టు తెచ్చే అమ్మాయీ.

పాప సంగతి. ఫ్రిస్కోలో పెద్ద ఐస్ రింకు ఉంది, డల్లాస్ స్టార్స్ హాకీ జట్టు ప్రాక్టీసు చేసేది అక్కడే. బయట 103, లోపల స్వెట్టరు వేసుకుని స్కేటింగ్. రెండు గంటలు దిగనంది. తిరిగి వచ్చాక పక్కింటి పెద్దాయనకి గొప్పగా చెప్పబోతే ఆయన మొహం ముడుచుకున్నాడు. ఆ జట్టు అసలు మిన్నెసోటాదేనట, నార్త్ స్టార్స్. 1993లో డల్లాస్‌కి తీసుకెళ్లిపోయారట. ఆయన ఇంకా మర్చిపోలేదు. "మీరు కూడానా" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది.

నచ్చనివి కూడా రాస్తాను. పక్క వీధికి వెళ్లాలన్నా కారే. ఇక్కడ ఇంటి వెనక నుంచే చెరువు చుట్టూ బాట ఉంటుంది, అక్కడ ఎక్కడ చూసినా ఆరు వరసల రోడ్డూ టోలూ. నాలుగో రోజుకి ఏసీ గాలికి నాకే తలనొప్పి మొదలైంది, ఫిబ్రవరిలో హీటర్ గాలికి వచ్చినట్టే. నర్సుగారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, పగలంతా లోపలే. కాకపోతే పని ముగించి లేచి చూస్తే ప్రతిరోజూ కిటికీలో వెలుతురుంది. ఆగస్టు కదా, ఇక్కడా ఉంటుంది అంటారు. డిసెంబరులో అక్కడ ఐదు ఇరవైకి అస్తమిస్తుంది, చూసి పెట్టుకున్నాను.

వెళ్తున్నాం. వచ్చే జూన్‌లో, పాప స్కూలు అయ్యాక. ఇల్లు అమ్మట్లేదు, ఆ 2.9 శాతం చూస్తూ చూస్తూ పారేయలేం, అద్దెకి ఇస్తాం. అక్కడ కూడా ఏడాది అద్దెకే ఉంటాం, కొనడం తరువాత మాట. పెర్మ్ మళ్లీ చేస్తామని కంపెనీవాళ్లు ఈమెయిల్ ఇచ్చారు, నాలుగుసార్లు అడిగితే. మాకు చెక్కులో మిగిలేది మా ఆయన మొదట వేసిన 11,500 కాదు, కరెంటు, టోలు, కారు బీమా పోగా మూడు వేలు అని తేలింది. ఆయనే మళ్లీ లెక్క వేశారు.

కుండీ పెద్దాయనకి ఇచ్చి వెళ్తున్నాం. అక్టోబరులో లోపల పెట్టాలి, దీపం వేయాలి, నీళ్లు తక్కువ పోయాలి అని కాగితం మీద రాసిచ్చాను. దీన్ని దేనికి వాడతారు అని అడిగాడు.

నల్లరేగడి అన్నయ్యా, మేం చూసిన అద్దె ఇంటి చుట్టూ కూడా మీరు చెప్పిన గొట్టం ఉంది. అద్దె ఇల్లయినా పునాదికి నీళ్లు మనమే పెట్టాలా, ఓనరు చూసుకుంటాడా?


నల్లరేగడి, ఫ్రిస్కో
ఆగస్టు 19

మీరే పెట్టాలి చెల్లెమ్మా. లీజులో ఎక్కడో రాసి ఉంటుంది, సంతకం పెట్టేముందు వెతకండి. నీళ్ల బిల్లు కూడా మీదే. వచ్చాక ఫోన్ చేయండి, టైమర్ ఎలా పెట్టుకోవాలో నేనొచ్చి చూపిస్తా.